పగటి ఎండ, రాత్రి దీపము: సౌరవిద్యుత్తునకు బ్యాటరీ నెన్నుకొను విధము



పండిన పంటను పండిననాడే తినివేయు కుటుంబము నిలువదు. ఈ సంగతి తెలుగు రైతునకు ఒకరు నేర్పవలసిన పని లేకపోయినది. వరి పండినచోట అతడు గాదె కట్టెను. జొన్న పండినచోట నేలలో పాతర త్రవ్వెను. వాన నాలుగు నెలలే కురియు నేలపై కాకతీయుల కాలమున రామప్ప, పాకాల వంటి చెరువులు వెలసినవి. గాదెలో ఎలుకలు కొంత తినును. పాతరలో చెమ్మ కొంత చెరచును. చెరువునీటిలో కొంత ఆవిరియై పోవును. ఆ తరుగును ముందే లెక్కలో వేసికొని దాచినవాడే తెలివైన గృహస్థు.

సూర్యుని వెలుగును విద్యుత్తుగా మార్చి రాత్రికి నిలువచేయుట యీ పరంపరలో కడపటి మెట్టు. వెలుగు సోకినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సు దేశీయుడైన ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనిపెట్టెను. దానిని పనికివచ్చు సిలికాన్ ఫలకముగా అమెరికాలోని బెల్ ప్రయోగశాల 1954లో రూపొందించెను. ఆ తొలి ఫలకము తనపై పడిన వెలుగులో నూటికి ఆరు పాళ్ళను మాత్రమే విద్యుత్తుగా మార్చినది. నేటి ఫలకములు నూటికి ఇరువదికి మించి మార్చుచున్నవి. సంపాదన యింతగా పెరిగినది. ఇక మిగిలినది గాదె సంగతి. ఆ గాదె పేరే బ్యాటరీ.

గాదె నెన్నుకొనుటలో పొరపాటు పడినచో నష్టము చిన్నదిగా నుండదు. ఉద్యోగ విరమణానంతరము చేతికి వచ్చిన సొమ్ములో కొంత పెట్టి, ఇంటిమీద ఫలకములు, మెట్లక్రింద బ్యాటరీలు అమర్చుకొను కుటుంబములు నేడు అనేకము కలవు. వాటిలో కొన్నింట వృద్ధులు ప్రాణవాయు యంత్రముల నాధారముగా చేసికొని జీవించుచున్నారు. అట్టియింట బ్యాటరీ యెన్నిక సౌకర్యమునకు సంబంధించిన విషయముగా మిగిలిపోదు. కావున దుకాణమునకు పోకముందే ఇంట కూర్చుండి తేల్చుకొనవలసిన ప్రశ్నలు మూడు కలవు. అసలు బ్యాటరీ అవసరమా? అవసరమైనచో ఎంత? ఏడాదికి ఎన్నిమార్లు దానిని వాడవలసివచ్చును?

మొదటి ప్రశ్నను చాలమంది వేసికొనరు. కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము కోటి గృహములను ఉద్దేశించినది. దాని క్రింద 2 కిలోవాట్ల ఫలకములకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లకును ఆపైని 78,000 రూపాయలు సహాయముగా నిర్ణయించిరి. ఈ పద్ధతిలో పగలు మిగిలిన విద్యుత్తు వీధితీగలోనికి పోవును. రాత్రి కావలసినది అదే తీగనుండి వచ్చును. మీటరు రెండింటికిని లెక్క వ్రాయును. దీనినే నెట్ మీటరింగు అందురు. వీధితీగయే యిచ్చట గాదె. విద్యుత్తు అరుదుగా మాత్రమే ఆగు ఊరిలో, బిల్లు తగ్గించుకొనుటయే ఉద్దేశమైనచో, ఇంత మంచి గాదె యుండగా ఇంటిలో మరియొకటి కట్టుట అనవసర వ్యయము.

అయితే ఇచ్చట ఒక భ్రమ కలదు. ఇంటిమీద ఫలకములున్నవి కావున వీధిలో విద్యుత్తు ఆగినను ఇంటిలో పంకా తిరుగునని పలువురు తలంతురు. తిరుగదు. వీధితీగకు కలిపిన సాధారణ ఇన్వర్టరు, తీగలో విద్యుత్తు ఆగిన మరుక్షణమే తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. తీగను బాగుచేయుటకు స్తంభమెక్కిన కార్మికుడు ఇంటినుండి వచ్చు విద్యుత్తుచే చనిపోకుండుటకు చేసిన యేర్పాటు. నడినెత్తిన సూర్యుడు మండుచుండగా ఇల్లు చీకటిలో నుండుట యీ కారణముచేతనే. అట్టి సమయమున కూడ ఇంటికి విద్యుత్తు కావలెనన్నచో బ్యాటరీయు, దానిని ఫలకములతో కలిపి నడుపగల హైబ్రిడ్ ఇన్వర్టరును ఉండవలెను. ఎవరికి బ్యాటరీ కావలెనో దీనినిబట్టి తేలుచున్నది: విద్యుత్తు తరచుగా ఆగు ఊరివారికి, తీగయే లేని చోటివారికి, ఒక్క గంట ఆగినను ప్రమాదమున పడువారికి.

రెండవ ప్రశ్న, ఎంత? మంచమున్నంత వరకే కాళ్లు చాచుకొనవలెనని పెద్దలు చెప్పుదురు. ఇచ్చట మంచమును కొనబోవువాడు ముందుగా కాళ్ల పొడవును కొలుచుకొనవలెను. ఒక గృహమును ఊహింపవచ్చును. ఇంటి పెద్దకు శ్వాసకోశవ్యాధి. నిమిషమునకు 5 లీటర్లిచ్చు ప్రాణవాయు యంత్రము రాత్రియంతయు నడువవలెను. అట్టి యంత్రము సుమారు 350 వాట్ల విద్యుత్తును తీసికొనును. దానికి తోడు రెండు పంకాలు, మూడు దీపములు. వేసవిలో ఆ యూర రాత్రి నాలుగు గంటలపాటు విద్యుత్తు ఆగుట కలదనుకొన్నచో లెక్క యిట్లుండును. యంత్రమునకు 1.4 యూనిట్లు. పాతరకపు పంకా ఒక్కొక్కటి 75 వాట్లు, రెండింటికి 0.6 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపములు మూడింటికి 0.1 యూనిట్లు. మొత్తము 2.1 యూనిట్లు.

బ్యాటరీ కొనుటకు ముందే ఈ మొత్తమును తగ్గింపవచ్చును. పాతపంకాల స్థానమున బి.ఎల్.డి.సి. పంకాలు పెట్టినచో ఒక్కొక్కటి 30 వాట్లతో తిరుగును. మొత్తము 1.75 యూనిట్లకు దిగును. ఈ చిన్న మార్పు, 150 యాంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో దాదాపు సగమును కొనకుండ తప్పించుచున్నది. ఖర్చు తగ్గించుకొనిన పిదపనే గాదె పరిమాణము నిర్ణయించుట వివేకము.

ఇక గాదెల జాతులు. వాడుకలో ముఖ్యమైనవి రెండు. మొదటిది సీసపు బ్యాటరీ. 1859లో ఫ్రాన్సు దేశమున గాస్టన్ ప్లాంటే దీనిని కనిపెట్టెను. 1881లో కమీల్ ఫోర్ సీసపు ఫలకములకు ముద్దపూత వేయు పద్ధతిచే దానిని కర్మాగారమున చేయుటకు అనువుగా మార్చెను. నూట అరువది యేండ్లకు పైబడినను ఇది బజారును విడువలేదు. సీసపు ఫలకములు గంధకామ్లములో మునిగియుండును. విద్యుత్తు ఇచ్చుచున్నకొలది రెండు ఫలకములపైనను సీసపు సల్ఫేటు పేరుకొని ఆమ్లము నీళ్లబారును. మరల విద్యుత్తు ఎక్కించినపుడు సల్ఫేటు విడిపోయి ఆమ్లము చిక్కబడును. హైడ్రోమీటరు అను గాజుగొట్టముతో ఆమ్లసాంద్రతను చూచి, గాదెలో ఎంత యున్నదో చెప్పగలుగుట యీ ధర్మమువలననే.

సీసపు బ్యాటరీ స్వభావములు మూడు తెలిసికొనదగినవి. ఒకటి, అది ఆకలికి ఓర్వదు. పూర్తిగా ఖాళీ చేసి రోజుల తరబడి విడిచినచో ఫలకములపై సల్ఫేటు గట్టిపడి మరల కరగదు. అందువలననే నిలువలో సగమునకు మించి వాడకుండుట మంచిదని అనుభవజ్ఞుల మాట. రెండు, అది ఎండకు ఓర్వదు. ఉష్ణోగ్రత పది సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినచో దాని ఆయువు ఇంచుమించు సగమగును. రెంటచింతల, రామగుండము వంటి చోట్ల డాబామీది రేకులగదిలో దానిని పెట్టుట, కొన్ననాడే దాని ఆయువును తెగగోయుట. మూడు, అది దాహము గలది. పలకల పైవరకు నీరుండవలెను. తగ్గినపుడు స్వేదనజలమును మాత్రమే పోయవలెను. కుళాయినీరు పోయరాదు, ఆమ్లము పోయుట అంతకన్న తప్పు.

సీసపు బ్యాటరీలలోను తెగలు కలవు. కారు నడపుటకు పెట్టు బ్యాటరీలో ఫలకములు పలుచనివి, అనేకములు. ఒక్క క్షణము పెద్దబలమిచ్చి ఊరకుండుట దాని పని. దానిని రాత్రియంతయు పంకా త్రిప్పుటకు వాడినచో కొలదినెలలకే చచ్చును. ఇంటికి తగినది ట్యూబులర్ బ్యాటరీ. దానిలో ధనఫలకపు పదార్థము గొట్టములలో బిగించియుండుటచే రాలిపోక చిరకాలము నిలుచును. మూతవేసిన, నీరు పోయనక్కరలేని రకములును కలవు. సౌకర్యము హెచ్చు, కాని వేడికిని అధికముగా విద్యుత్తు ఎక్కించుటకును అవి మరింత సుకుమారములు.

రెండవ జాతి లిథియం బ్యాటరీ. 1991లో జపానుకు చెందిన సోనీ సంస్థ దీనిని బజారులోనికి తెచ్చెను. దీనికి పునాది వేసినందుకు జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకీరా యోషినో అను ముగ్గురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. లిథియం బ్యాటరీలలోను తెగలున్నవి. ఇంటికిని పడవకును తగినదిగా నేడు ఎక్కువమంది ఒప్పుకొనునది లిథియం ఐరన్ ఫాస్ఫేటు. ఈ పదార్థమును గూర్చి 1997లో వెలువడిన పరిశోధనపత్రముపై గుడెనఫ్ పేరుతోపాటు ఎ. కె. పాఢి, కె. ఎస్. నంజుండస్వామి అను రెండు భారతీయ నామములు ఉండుట గర్వింపదగిన విషయము. దీనిలో ప్రాణవాయువు ఫాస్ఫేటుతో గట్టిగా ముడివడి యుండుటచే, కోబాల్టు కలిసిన లిథియం బ్యాటరీలవలె ఇది సులభముగా అంటుకొనదు. అసలే అంటుకొనదని చెప్పుట మాత్రము వ్యాపారుల అతిశయోక్తి.

ఈ జాతి బ్యాటరీ నిలువలో నూటికి ఎనుబది పాళ్లు నిత్యము వాడవచ్చును. నీరు పోయు పనిలేదు. సగము నిండినను బాధపడదు. కాని దీనికి కావలివాడు ఒకడు అవసరము. బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ యనబడు చిన్న ఎలక్ట్రానిక్ పలక, ఒక్కొక్క ఘటమును కనిపెట్టుచు, హెచ్చుతగ్గులు వచ్చినపుడు తలుపు మూయును. ఆ పలక నాసిరకమైనచో మంచి ఘటములును వ్యర్థములే. మరియు, సీసపు బ్యాటరీకై చేసిన పాత ఇన్వర్టరు దీనికి సరియైన వోల్టేజి ఇవ్వజాలక పోవచ్చును. లిథియమునకు అమరిక యున్నదో లేదో ముందు చూచుకొనవలెను. సున్న డిగ్రీలకన్న తక్కువ చలిలో దీనికి విద్యుత్తు ఎక్కింపరాదు. గుంటూరులో నుండువారికి ఈ హెచ్చరిక అక్కరలేదు. లేహ్ నగరమునకు బదిలీయైన ఉద్యోగికి తప్పక కావలెను.

ఇపుడు చీటీమీది సంఖ్యకును, చేతికందు విద్యుత్తునకును గల భేదమును చూడవలెను. సచివాలయములలో పనిచేయువారికి ఈ భేదము క్రొత్తది కాదు. బడ్జెటులో చూపిన మొత్తము వేరు. ఖర్చుచేయుటకు విడుదలయైన మొత్తము వేరు. 12 వోల్టులు, 150 యాంపియర్-అవర్లు అని వ్రాసిన సీసపు బ్యాటరీలో కాగితముపై 1.8 యూనిట్లున్నవి. సగము మాత్రమే వాడదగినది, అది 0.9. ఇన్వర్టరులో నూటికి పదునైదు పాళ్లు పోయినచో మిగులునది 0.77. ప్రాణవాయు యంత్రమొక్కటియే నడచినను ఇది రెండు గంటల పది నిమిషములకు సరిపోవును. 1.8 యూనిట్లను 350 వాట్లచే భాగించి, ఐదు గంటలకు లోటు లేదని ధైర్యముగా నిద్రించిన కుటుంబము, ఆ నిద్రలోనే ప్రమాదమున పడును.

అంతటితో తరుగు ముగియలేదు. చీటీమీద సి-20 అని యున్నచో, 150 అను సంఖ్య ఇరువది గంటలపాటు మెల్లగా, 7.5 యాంపియర్ల చొప్పున తోడినపుడు మాత్రమే నిజము. ప్రాణవాయు యంత్రము 30 యాంపియర్లకు పైగా తోడును. తొందరగా తోడినకొలది సీసపు బ్యాటరీ తక్కువ ఇచ్చును. సి-10 అని యున్న బ్యాటరీ అదే 150ని పది గంటలలో ఇవ్వగలదు. కావున ఒకే సంఖ్య గల రెండింటిలో సి-10 గలదే బలమైనది. సౌరవిద్యుత్తునకై అమ్ము ట్యూబులర్ బ్యాటరీలపై సాధారణముగా సి-10 అని యుండుటకు కారణమిదే. చీటీలోని ఈ చిన్న అక్షరమును చదువని కొనుగోలుదారుడు ధరలను పోల్చుటయే వృథా.

అదే 150 యాంపియర్-అవర్లు గల, 12.8 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేటు బ్యాటరీలో 1.92 యూనిట్లు. నూటికి ఎనుబది పాళ్లు వాడి, ఇన్వర్టరు తరుగు తీసివేసినను 1.3 యూనిట్లు మిగులును. యంత్రము ఇంచుమించు మూడుగంటల నలువది నిమిషములు నడచును. ఆపద సమయమున సీసపు బ్యాటరీని సగమునకు దిగువకును తోడవచ్చును. ప్రాణముకన్న బ్యాటరీ ముఖ్యము కాదు. కాని అట్లు తోడిన ప్రతిమారును దాని ఆయువు తరుగును. ఏ బ్యాటరీ పెట్టుకొన్నను అట్టియింట నిండిన ప్రాణవాయు సిలిండరు ఒకటి సిద్ధముగా నుండవలెను.

పైన ఊహించిన గృహమునకు 1.75 యూనిట్లు కావలెను. ఇన్వర్టరు తరుగుతో 2.06. బ్యాటరీ ముసలిదైన పిదపను సరిపోవుటకు నాలుగవ వంతు కలిపినచో ఇంచుమించు 2.6. సీసమైనచో దీనికి రెట్టింపు, అనగా 5.2 యూనిట్లు, 220 యాంపియర్-అవర్ల బ్యాటరీలు రెండు. లిథియమైనచో 3.2 యూనిట్లు చాలును. వీటిని నింపుటకు ఒక కిలోవాటు ఫలకములు సరిపోవును. భారతదేశమున ఒక కిలోవాటు ఫలకము సగటున దినమునకు నాలుగు యూనిట్లిచ్చుననుట వాడుకలో నున్న లెక్క. ముసురు పట్టిన దినములలో ఇది బాగుగా తగ్గును.

మూడవ ప్రశ్నయే అన్నింటికన్న ముఖ్యమైనది. ఏడాదికి ఎన్నిమార్లు? బ్యాటరీ ఒకమారు నిండి ఒకమారు తరుగుట ఒక ఆవృత్తి. సగము తోడుచు 1,500 ఆవృత్తులు నడచు సీసపు బ్యాటరీ ఒకటి యున్నదనుకొందురు గాక. చీటీమీది ఒక్కొక్క యూనిట్టు సామర్థ్యమునకు అది జీవితకాలమున 750 యూనిట్లను ఇచ్చును. నూటికి ఎనుబది తోడుచు 4,000 ఆవృత్తులు నడచు లిథియం బ్యాటరీ 3,200 యూనిట్లను ఇచ్చును. అనగా నాలుగురెట్లకు పైగా. దినమును తప్పక వాడు ఇంట, లిథియము ధర సీసపు ధరకు నాలుగురెట్లు కానంతవరకు, లిథియమే చౌక. కొన్ననాటి ధరను మాత్రము చూచి సీసమును తెచ్చుకొన్నవాడు, రెండుమూడుమార్లు దానిని మార్చి, చివరకు హెచ్చుగా చెల్లించును.

కాని నెలకు ఆరుమార్లు మాత్రమే విద్యుత్తు ఆగు ఇంటి లెక్క వేరు. అచ్చట ఏడాదికి 72 ఆవృత్తులు. 1,500 ఆవృత్తులు వాడుటకు ఇరువది యేండ్లు పట్టును, 4,000కు ఏబదియైదేండ్లు. ఏ బ్యాటరీయు అంతకాలము బ్రతుకదు. సీసపుది వాడినను వాడకున్నను కొన్ని యేండ్లకు ముసలిదగును. లిథియం బ్యాటరీకిని వయోభారము తప్పదు. ఎన్నడును వాడని ఆవృత్తులకు ముందుగా సొమ్ము చెల్లించుట, నెలకు రెండుమార్లు రైలెక్కువాడు సీజను టిక్కెట్టు కొన్నట్లుండును. అట్టియింటికి మంచి ట్యూబులర్ బ్యాటరీయే చాలును. దినదినము వాడువారికి లిథియము, అప్పుడప్పుడు వాడువారికి సీసము: మొత్తము చర్చలోని సారమిదియే. తక్కిన విశేషములన్నియు దీనికి సవరణలు.

సవరణలలో మొదటిది బరువు. ఇంటినేల బ్యాటరీ బరువును లెక్కచేయదు, పడవ లెక్కచేయును. కేరళలో వేంబనాడు సరస్సుపై వైకము, తవణక్కడవు రేవుల నడుమ 2017 జనవరిలో ‘ఆదిత్య’ యను సౌరవిద్యుత్ పడవ నడక ప్రారంభించెను. భారతదేశమున సూర్యశక్తిచే నడచు మొదటి రేవుపడవ అది. డెబ్బదియైదుగురు ప్రయాణికులు ఎక్కగల ఆ పడవ కప్పుమీద 20 కిలోవాట్ల ఫలకములు, జంట పొట్టలలో 50 యూనిట్ల లిథియం బ్యాటరీలు అమర్చబడెను. ఆ బ్యాటరీల బరువు సుమారు 700 కిలోలు. అంత పనియే సీసముచే చేయింపదలచినచో, సగమే వాడదగునను నియమమువలన, బ్యాటరీల బరువు రెండు టన్నులకు మించును. ఆ అదనపు బరువును మోయుటకు మరికొంత శక్తి, ఆ శక్తికి మరికొన్ని బ్యాటరీలు కావలసివచ్చును. దినమునకు అనేకమార్లు రేవునుండి రేవునకు తిరుగు పడవ నిత్యవినియోగమునకు చెందినది కూడ. అన్నివిధముల అక్కడ లిథియమే తగినది.

అయినను సీసము నీటిమీద పనికిరానిదని తలపరాదు. విశాఖపట్టణమున రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా నిలిచిన ‘కుర్సురా’ జలాంతర్గామిని చూడని తెలుగువారు తక్కువ. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమణ పొందిన ఆ నౌక, నీటిలో మునిగినపుడు డీజిలు యంత్రములను నడుపజాలదు. వాటికి గాలి కావలెను. అట్టి సమయమున దాని చలనమంతయు సీసపు బ్యాటరీలమీదనే. జలాంతర్గామికి బరువు ఎట్లును కావలసినదే గావున, సీసము అచ్చట భారము కాలేదు. ఒకే వస్తువు ఒకచోట దోషము, మరియొకచోట గుణము అగుటకు ఇది మంచి దృష్టాంతము.

జలాంతర్గాములు నేర్పిన మరియొక పాఠము ఇంటికిని వర్తించును. విద్యుత్తు ఎక్కుచున్నపుడు సీసపు బ్యాటరీనుండి హైడ్రోజన్, అనగా పాత పాఠ్యపుస్తకములలోని ఉదజని, వెలువడును. గాలిలో అది నూటికి నాలుగు పాళ్లు చేరినచో ఒక్క నిప్పురవ్వకు ప్రేలును. 1949 ఆగస్టులో అమెరికా జలాంతర్గామి ‘కొచీనో’ నార్వే తీరమునకు ఆవల బ్యాటరీగదిలో ప్రేలుడు, మంటలు సంభవించి మునిగిపోయినది. సముద్రపు ఉప్పునీరు బ్యాటరీ ఆమ్లమున పడినచో ప్రాణాంతకమైన క్లోరిన్ వాయువు పుట్టును. సముద్రముపై పోవు చిన్నపడవల వారు దీనిని మరువరాదు. ఇంటియందు సీసపు బ్యాటరీని పడకగదిలో గాని, గాలిలేని అలమరలో గాని పెట్టరాదు. దేవుని గూటి క్రింద, దీపారాధన జరుగుచోట పెట్టుట మరింత ప్రమాదము. ఏ జాతి బ్యాటరీకైనను దాని దగ్గరనే తగిన ఫ్యూజు ఉండవలెను. తీగ లావుగా, పొట్టిగా నుండవలెను. పిల్లలకు అందనిచోట, నీడలో, గాలి యాడుచోట, నేలకు కొంచెము ఎత్తున అది యుండుట మేలు.

ఇంత తెలిసినవాడు దుకాణదారుని అడుగవలసిన మాటలు కొన్నియే. చీటీమీది సామర్థ్యము సి-10 లెక్కనా, సి-20 లెక్కనా? ఎంత లోతు తోడినపుడు ఎన్ని ఆవృత్తులు? ఎంత ఉష్ణోగ్రతలో? పూచీ ఐదేండ్లన్నపుడు, అందులో ఉచితముగా మార్చియిచ్చు కాలమెంత, తరుగు తీసివేసి పాక్షికముగా చెల్లించు కాలమెంత? తయారైన నెల యేది? నెలల తరబడి దుకాణములో ఆకలితో పడియున్న సీసపు బ్యాటరీ, కొనకముందే కొంత చచ్చియుండును. బరువెంత అని అడుగుట కూడ తెలివైన ప్రశ్నయే. ఒకే సంఖ్య గల రెండు ట్యూబులర్ బ్యాటరీలలో తేలికయైన దానిలో సీసము తక్కువ. వాహనములనుండి తీసిన పాత లిథియం ఘటములను కూర్చి చౌకగా అమ్ముచోట, వాటి వయస్సును ఎవరును చెప్పజాలరు. అట్టివానిని ఇంటిలోనికి తేకుండుట క్షేమము.

కొనుటతో బాధ్యత ముగియదు. సీసము విషము. పాతబ్యాటరీని పగులగొట్టి పొయ్యిమీద సీసము కరగించు చోట్ల, ఆ పొగ పీల్చిన పసిపిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతినును. కాని సరియైన కర్మాగారమునకు చేరినచో అదే సీసము మరల క్రొత్త బ్యాటరీ యగును. భారత ప్రభుత్వము 2022లో వెలువరించిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమములు, వాడిన బ్యాటరీలను సేకరించి మరల వినియోగమునకు తెచ్చు బాధ్యతను తయారీదారులపై నుంచినవి. లిథియము కూడ వీటి పరిధిలోనిదే. పాతసామానువాడు పది రూపాయలు హెచ్చుగా ఇచ్చెనని అతనికి వేయక, క్రొత్తది కొన్న దుకాణమునకే పాతది అప్పగించుట విద్యావంతుల ధర్మము. ఇంటిలో వెలుగు నిలిపిన వస్తువు మరొక ఇంటి బిడ్డకు చీకటి కారాదు.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని సామెత. సౌరవిద్యుత్తు విషయమున ఆ దీపము పగటి సూర్యుడు; చక్కబెట్టుట యనగా ఒక కాగితము, ఒక పెన్సిలు, ఒక గంట కాలము. ఇంటిలోని ప్రతి పరికరము వాట్లను వ్రాసి, గంటలచే హెచ్చించి, విద్యుత్తు ఆగిన రోజులను ఒక నెలపాటు పంచాంగముపై గుర్తించినచో, మూడు ప్రశ్నలకును సమాధానము ఆ కాగితముమీదనే కనబడును. ఆ కాగితము చేతబట్టుకొని దుకాణమునకు పోయినవానిని ఏ వ్యాపారియు మోసగింపజాలడు. బదిలీమీద క్రొత్త ఊరికి పోవు ఉద్యోగి ఆ లెక్కను మరల మొదటినుండి వేయవలెను. ఊరు మారినపుడు ఎండయు, విద్యుత్తు ఆగు వేళలును మారును. అట్లు లెక్కవేసికొన్న ఇంట, అర్ధరాత్రి వీధిదీపము లారిపోయినను, ప్రాణవాయు యంత్రపు చప్పుడు ఆగదు. దాని ప్రక్కన నిద్రించు వృద్ధునకు విద్యుత్తు పోయినదను సంగతియే తెలియదు.